సీటుతో పాటు పనితనం కావాలి

మదరసాల్లో చదివిన పిల్లలకూ వృత్తి శిక్షణ అందాలని 2006లో సచార్ కమిటీ సిఫారసు చేసింది. అయితే సీటు దొరికితే చాలదు, పని రావాలి. ఇటిక్యాల వంటి గ్రామం నుంచి ఐటీఐలో చేరే మన బిడ్డకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. నోట్సు రాయిస్తే పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, మోటారు వైండింగు చేతికి రాదు.

బోధకుడు ముందు తాను చేసి చూపాలి. ఆపై విద్యార్థి చేత చేయించాలి. తప్పును అక్కడికక్కడే దిద్దాలి. పని అర్థమయ్యాకే దాని ఇంగ్లీషు పేరు చెప్పాలి. మెకానిక్ షెడ్డులో బిడ్డ నేర్చిన పనిని చులకన చేయక, పాఠానికి పునాదిగా తీసుకోవాలి.

బోధకులకూ శిక్షణనిచ్చే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ దేశంలో ఉంది. ఆ శిక్షణ పొందినవారినే నియమించాలని మేము ప్రభుత్వాన్ని కోరుతున్నాము. తల్లిదండ్రులారా, ఫీజు రాయితీ గురించే కాదు, ఈ వారం మా బిడ్డ చేత ఏ పని చేయించారని కూడా అడగండి. అలా అడగడం మన హక్కు.