తెర లేని నాటకము

బాపట్లలో 1902వ సంవత్సరమున జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభవారి నాటకములందు సత్యభామ వేషమున ప్రేక్షకులను పరవశులను జేసిరి. 1956లో వారికి పద్మశ్రీ లభించెను. పురుషుడు స్త్రీవేషము ధరించుట మోసమగునా? కాదు. తెర లేచినది మొదలు పడువఱకు జరుగునది నాటకమని చూచువా రెఱుగుదురు. నటన దోషము కాదు. నటనను నిజమని చూపుటయే దోషమని మా యభిప్రాయము.

నేడు మన బిడ్డల చేతనున్న సెల్‌ఫోనులో నా తెర లేదు. దారిన బోవువానిని బెదరించు పరిహాసము, బీదవానికి నోట్లకట్ట నిచ్చు దానము, ఆలుమగల కలహము - ఇట్టి వీడియోలలో పెక్కు ముందుగా వ్రాసికొని, నటులను గూర్చి, పలుమారులు చిత్రించినవి. చూచువారి సంఖ్య పెరిగినకొలది ప్రకటనల సొమ్ము చేరును. టెలివిజనులోని అమెరికా మల్లయుద్ధములను నిజమని నమ్మి, బడి యావరణములందు వాని ననుకరించిన బాలు రెందఱు లేరు? ఆ పోరులను నడపు సంస్థవారే, క్రీడలపై గల ప్రభుత్వ నియంత్రణమును తప్పించుకొనుటకై, అవి పోటీలు కావు, వినోదములని 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున నొప్పుకొనిరి. ఆ మాట మన బాలురకు జెప్పినవా రెవరు?

ఫోను లాగికొనిన జాలునని కొందఱు, అంతయు బూటకమని చెప్పిన జాలునని కొందఱు అందురు. రెండవది మరింత ప్రమాదము. 2024 సెప్టెంబరులో కృష్ణ పొంగి రేపల్లె ప్రాంతపు లంకలు మునిగినవి. అంతయు నటనయే యని నేర్చిన బాలు డట్టి దృశ్యమును జూచియు నవ్వి, వ్రేలితో త్రోసివైచును. నమ్మిక చచ్చినచోట సాయము పుట్టదు.

కావున వివేచన నేర్పవలయును. ఆకస్మికమనబడు సంఘటనమునకు ముందే కెమెరా యేల సిద్ధముగ నున్నది? దూరమున నున్నవాని మాట యంత స్పష్టముగ నెట్లు వినబడెను? ఇందువలన లాభ మెవరికి? మొదట నీ మూడు ప్రశ్నలు చాలును. పిదప పిల్లలచేతనే యొక కల్పిత కలహమును వ్రాయించి, చిత్రింపించి, ప్రక్క తరగతికి జూపి, వారు నమ్మిన వెంటనే గుట్టు విప్పింపవలయును. తాను కట్టి చూచిన వేషమును బాలు డితరులయందు సులభముగ గుర్తించును.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములకు నాటకము క్రొత్త విద్య కాదు. వేషము గట్టి యెఱిగిన పెద్దలు, ఉపాధ్యాయులు, పఠనమందిర నిర్వాహకులు కలసి వారమున కొక్క గంట యీ పాఠమునకు వినియోగింతురు గాక. ఇందుకు ధనము నక్కఱలేదు, ప్రభుత్వపు టుత్తరువు నక్కఱలేదు.