పుట్టీ పెట్టే ముందు ఒక ఫొటో తియ్యండి

నాకో పిచ్చి ఉంది. ప్లాస్టిక్ కారు కిట్లు తెప్పించుకుని అతికించుకోవడం. అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉంటాయి. వారమంతా ఆఫీసులో కోడుతో కుస్తీ, శని ఆదివారాలు వీటితో. "నలభై ఏళ్లొచ్చినా ఇంకా బొమ్మలేందిరా" అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా సాధిస్తూనే ఉంటుంది.

మొన్న సంక్రాంతికి చిలకలూరిపేట దగ్గర మా ఊరెళ్తూ ఒక కొత్త కిట్టు వెంట తీసుకెళ్లా. వరండాలో కూర్చుని డబ్బా విప్పితే మూడు లోపాలు. బానెట్ వంకరపోయింది. తలుపు మీద గుంట. సైడు అద్దం సగమే ఉంది. కంపెనీ పేరెందుకు లెండి.

ఇవి ఎందుకొస్తాయంటే, కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో లోహపు అచ్చులోకి పంపిస్తారు. మందంగా ఉన్న చోట లోపల ఆలస్యంగా చల్లారి ముడుచుకుంటుంది, దాంతో పైన గుంట పడుతుంది. మూలదాకా చేరకముందే గట్టిపడితే భాగం సగంలో ఆగిపోతుంది. అచ్చు రెండు సగాలూ బిగుతుగా కూర్చోకపోతే అంచుల్లో పల్చటి పొర వస్తుంది. సరిగ్గా చల్లారకుండా బయటికి తీస్తే వంకరపోతుంది.

ఇవన్నీ బాగుచేసుకోవచ్చు. వంకర భాగాన్ని మరిగించి దింపిన నీళ్లలో కొన్ని సెకన్లు ఉంచి, మెల్లగా సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచాలి. ఒక్కసారికి కాకపోతే మళ్లీ. గుంటకి పుట్టీ. ఒకేసారి మందంగా పెడితే ఆరేటప్పుడు కుంగిపోతుంది, అందుకని పల్చగా రెండు మూడు సార్లు. బాగా ఆరాక 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్దాలి. కృష్ణకి అవతల కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పొణికి చెక్క ముక్కల్ని అతికించేది కూడా ఇలాంటి పనే.

ఇక సగం అద్దం. భాగాలు కోసేశాక మిగిలే ఫ్రేము ముక్కల్ని పారెయ్యకండి. చిన్న సీసాలో కిట్ల జిగురు పోసి అందులో వేస్తే కరిగి పేస్టులా అవుతాయి. అదే ప్లాస్టిక్ కాబట్టి, దాంతో కొంచెం ఎక్కువగానే నింపి, ఆరాక చెక్కుకోవచ్చు. తొందరుంటే ఫెవిక్విక్ మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయి అవుతుంది. కిటికీ అద్దాల దగ్గర మాత్రం వద్దు, ఆ ఆవిరికి తెల్లబడిపోతాయి.

నేనివన్నీ గొప్పగా చేస్తుంటే నాన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. పగిలిన స్ప్రేయరు ట్యాంకుని కాల్చిన కత్తితో అతికిన మనిషి. మెచ్చుకుంటాడనుకున్నా. "ఏరా, బిల్లు దాచావా? కొయ్యకముందు ఫొటో తీశావా?" అన్నాడు. రెండూ లేవు.

ఆయనెందుకడిగాడో నాకు తెలుసు. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఒక ఏడు మిరప విత్తనం దెబ్బకొట్టింది. చెట్టు ఏపుగా పెరిగింది, కాపు లేదు. కొట్టువాడు తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ ఎప్పుడో పోయింది. విత్తనమంతా చల్లేశాం, చూపించడానికి గింజ లేదు. దానికి ఏ పుట్టీ పెడతాం? ఆ ఏడాది నా ఫీజు అప్పుతోనే కట్టారు.

తర్వాత 2012 జనవరిలో సుప్రీంకోర్టు మన ఆంధ్ర రైతుల కేసులోనే, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వాదన కాదని, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని చెప్పింది. పరీక్ష కోసం రైతు విత్తనం కొంత దాచిపెట్టుకోవాలని ఆశించడం కుదరదనీ అంది. మంచి మాట. కానీ కొన్నట్టు రుజువు మాత్రం మన చేతిలోనే ఉండాలి కదా.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, మనవాళ్లకి బాగుచెయ్యడం వచ్చు, అడగడం రాదు. ఆఫీసులో ఎవడైనా వర్కరౌండ్ రాసుకుని బగ్ రిపోర్ట్ పెట్టకపోతే వాణ్ణి తిడతాం, ఎందుకంటే తర్వాతి రిలీజులో అదే బగ్ ఇంకొకడి నెత్తిన పడుతుంది. మరి ఇంట్లో మనం చేసేది అదే! నా పుట్టీ చూసి కంపెనీ అచ్చు బాగుపడదు. సరిచేసుకోగలిగిన వాడు ఊరుకుంటే, చేసుకోలేనివాడి మాట ఎవరూ నమ్మరు.

అందుకని కిట్టు విప్పగానే ముందు లెక్క చూసుకోండి. ఫ్రేము మీద అక్షరం, భాగం పక్కన నంబరు ఉంటాయి. కొయ్యకముందే అవి కనపడేలా ఫొటో తీసి, బిల్లు జతచేసి కంపెనీకి రాయండి. కొన్ని కంపెనీలు బదులు భాగం పంపిస్తాయి. ఆ తర్వాత నిక్షేపంగా పుట్టీ పెట్టుకోండి.

నేను మిగిలిన ముక్కల ఫొటోలతోనే రాశా. ఇంకా జవాబు లేదు. అద్దం మాత్రం బాగానే కుదిరింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి "అతుకు కనపడట్లా" అన్నాడు.