దాచిన డబ్బా, దాని బాగోగులు

జియోక్యాషింగ్ అనే ఆటలో ఒకరు ఎక్కడో ఒక డబ్బాను దాచి ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. తక్కినవారు జీపీఎస్ సాయంతో దాన్ని వెతికి, దొరికాక లోపలున్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను మళ్లీ ఉన్నచోటనే పెట్టి వస్తారు. దాచిన డబ్బాకు క్యాష్ అని పేరు. తెలుగు చెవికి నగదులా వినిపించే ఈ మాట, దాచడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి పుట్టి, ఉత్తర అమెరికా అడవుల్లో తోళ్ల కోసం తిరిగిన వేటగాళ్లు తిరుగుదారికని దాచుకున్న తిండిసామగ్రికి పేరైంది. పిల్లల చేయి పట్టుకొని ఈ డబ్బాలను వెతికించే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు గాని, ఒక డబ్బాను పిల్లలతో దాచించి, దాని బాగోగులు ఏళ్ల తరబడి వాళ్లే చూసుకునేలా చేయడంలో అంతకు మించిన ఆనందం ఉంది. ఈ ముచ్చట ఆ రెండో పని గురించే.

ఆట పుట్టిన తీరు ఈ పనికి మంచి పాఠం. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలుపుతూ ఉండడం వల్ల పరికరం చూపే చోటు 100 మీటర్ల దాకా పక్కకు పోయేది. 2000 మే మొదట్లో క్లింటన్ ప్రభుత్వం దాన్ని ఆపివేయడంతో, ఒక్క రాత్రిలో ప్రపంచమంతటా ఆ పరికరాల చూపు సూటిగా మారింది. వెంటనే మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఐదు గ్యాలన్ల బకెట్‌ను నేలలో సగం పూడ్చి, అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా వంటివి పెట్టి, ఆ చోటు వివరాలను ప్రకటించాడు. మైక్ టీగ్ అనే మరొకాయన దాన్ని మొదట కనుగొన్నాడు. అనుమతి లేకుండా నేల తవ్వి పూడ్చడం, తినే వస్తువులు పెట్టడం, ఈ రెండింటినీ నేటి నియమాలు ఒప్పవు. తవ్వితే పార్కుల అధికారులకు అభ్యంతరం, తిండి పెడితే ఎలుగులూ ర్యాకూన్లూ డబ్బాను నమిలి పారేస్తాయి. మొదటి డబ్బాయే ఇప్పటి నియమాల ముందు నిలవదన్న సంగతి పిల్లలకు తప్పక చెప్పదగినది, ఎందుకంటే అనుభవం పెరిగేకొద్దీ ఒక ఆట తనను తాను ఎలా దిద్దుకుంటుందో అందులో కనిపిస్తుంది.

దాచే చోటును ఎంచుకోవడంలో పిల్లల కంటికి కనిపించేది పెద్దలకు కనిపించదు. పడిపోయిన దుంగ కింది సందు, వేర్ల మధ్య గూడు వంటివి మూడడుగుల ఎత్తులో ఉన్న కళ్లకే ముందుగా తడతాయి. అందువల్ల చోటు చూపే పని పిల్లలకు, అనుమతి అడిగే పని పెద్దలకు వదలడం మేలు. స్థలం ఎవరిదైతే వారి అనుమతి అవసరం: ఉదాహరణకు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల్లో డబ్బా పెట్టాలంటే ముందుగా దరఖాస్తు చేసుకోవాలి, జాతీయ పార్కుల్లోనైతే సాధారణంగా ఒప్పుకోరు. ఇదివరకే ఉన్న మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. ఇక చోటును కొలవడంలో తొందర పనికిరాదు. అక్షాంశంలో ఒక నిమిషాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం నేలమీద సుమారు 1.85 మీటర్లకు సమానం, ఆటలో చోటును ఆ సూక్ష్మత వరకూ రాస్తారు. కాని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోని ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్ల కింద ఉపగ్రహ సంకేతాలు కొమ్మల్లో చెదిరిపోయి ఫోను ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతుంది. అక్కడ కాసేపు నిలబడి, దూరంగా నడిచి వెళ్లి తిరిగి వచ్చి, వీలైతే మరో రోజు కూడా కొలిచి, పిల్లలు కాగితం మీద రాసిన అంకెలకు సరాసరి తీయాలి. బడిలో నేర్చుకున్న సరాసరి లెక్కకు ఇంతకన్నా నిజమైన అక్కర పిల్లలకు దొరకడం అరుదు.

డబ్బాకు అసలు శత్రువు దొంగ కాదు, తేమ. వాయవ్య అమెరికాలో శరదృతువు నుంచి వసంతం దాకా వాన విడవదు కనుక, మూత అంచున రబ్బరు పట్టీ ఉండి నాలుగువైపులా బిగిసే ప్లాస్టిక్ డబ్బా గాని, సైన్యం తూటాలకు వాడి వదిలేసిన ఇనుప పెట్టె గాని మన్నినట్లు మామూలు టిఫిన్ డబ్బా మన్నదు. ఇనుప పెట్టె మీది సైనిక గుర్తులను చెరిపి, ఇది ఆటకు సంబంధించిన వస్తువని పైన స్పష్టంగా రాయాలి, లేకుంటే ఆట సంగతి తెలియనివారు చూసి పోలీసులను పిలిచే అవకాశం ఉంది. అటువంటివారిని ఆటగాళ్లు హ్యారీ పాటర్ కథల నుంచి తెచ్చుకున్న మాటతో మగుల్ అంటారు. లోపల పేర్లు రాసే పుస్తకానికి వానలో తడిసినా చెదరని కాగితం కావాలి; టకోమా పట్టణంలో తయారయ్యే రైట్ ఇన్ ద రెయిన్ పుస్తకాలు ఆ ప్రాంతపు కలప పనివారి అవసరం నుంచే పుట్టాయి. పెన్ను సిరా చలికి గడ్డకట్టవచ్చు, తడికి పాకవచ్చు, అందుచేత పెన్సిలే నయం. పిల్లలు మార్చుకునేందుకు గోలీలు, చిన్న బొమ్మలు వంటివి పెడతారు, ఒకటి తీసుకున్నవారు దానికి తీసిపోని మరొకటి పెట్టి వెళ్లాలి. సబ్బునీటి బుడగల సీసా మాత్రం పెట్టకూడదు, అది కారితే పుస్తకం ముద్దైపోతుంది.

అసలు పని డబ్బా ప్రకటితమైన తరువాతనే మొదలవుతుంది. రివ్యూయర్ అనే స్వచ్ఛంద పరిశీలకుడు నియమాలు సరిచూసి అనుమతించాక, ఎవరు కనుగొన్నా వారి మాట దాచినవారికి చేరుతుంది. ఆ రాతలను చదవడమే పిల్లలకు పెద్ద పండుగ. దొరికిందన్న మాటల కన్నా దొరకలేదన్న మాటలను జాగ్రత్తగా చదవడం నేర్పాలి. ఒకరికి దొరకకపోతే వెతకడంలో లోపం కావచ్చు, వరుసగా ముగ్గురికి దొరకకపోతే డబ్బా కొట్టుకుపోయి ఉండవచ్చు, కనుక ఇంట్లో కూర్చొని ఊహించకుండా వెళ్లి చూడాలి. పుస్తకం తడిసిందని ఎవరైనా రాస్తే ఆ డబ్బాను తాత్కాలికంగా ఆపినట్లు ప్రకటించి, సాధారణంగా నాలుగు వారాల లోపల బాగుచేయాలి. పట్టించుకోకుంటే పరిశీలకుడు దాన్ని ఆటలోంచి తీసివేస్తాడు. పిలుపు రాకపోయినా వానకాలం ముగిశాక ఒకసారి వెళ్లి, మూత అంచులోని ఇసుక తుడిచి, పుస్తకం ఉంచిన సంచి చిరిగితే మార్చి, పెన్సిల్ చెక్కి, దారిలో కనిపించిన చెత్తను వెంట తెచ్చిన సంచిలో వేసుకొని రావడం మంచి అలవాటు. ఏడేళ్ల వయసులో దాచిన డబ్బాను పదేళ్ల వయసులో తెరిచిన పాపకు ఆ నిండిన పుస్తకంలో ఊరూ పేరూ తెలియని ఎందరిదో చేతిరాత కనిపిస్తుంది, వాళ్లందరూ తను చూపిన దుంగ పక్కనే వంగారని అర్థమవుతుంది. ఆ సంతోషం వెతికి దొరికించుకున్న వంద డబ్బాల్లోనూ దొరకదు.

సియాటెల్ పరిసరాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేసవిలో స్వదేశానికి వచ్చినప్పుడు అమ్మమ్మగారి ఊరిలోనూ ఒక డబ్బా దాచాలని పిల్లలు మారాం చేస్తే అది సహజమే. అయితే సెలవుల్లో వెళ్లినచోట దాచి వదిలేయడాన్ని నియమాలు ఒప్పుకోవు. దగ్గరలో ఉండి చూసుకునే మనిషి ఒకరు ఒప్పుకుంటే, ఆ సంగతి పరిశీలకుడికి ముందే తెలపాలి. కాబట్టి డబ్బా కొనడానికి ముందు తాతయ్యతో మాట్లాడాలి. భాద్రపదం దాటాక వెళ్లి మూత తీసి చూడడానికి, చీమలు పట్టి ఉంటే దులపడానికి, పుస్తకం ఫొటో తీసి మనవరాలికి పంపడానికి ఆయన సరేనంటేనే ఆ పని మొదలుపెట్టాలి.