ట్రైనింగ్ ఖర్చు ఎవరిది?

చాయ్ ఫ్రాంచైజీయో, బిర్యానీ ఫ్రాంచైజీయో తీసుకుందామని లెక్కలు వేసుకునేవాళ్లు ఇప్పుడు మన పట్టణాల్లో ఏ వీధికి వెళ్లినా తగులుతున్నారు. తండ్రి రిటైర్‌మెంట్ డబ్బు, ఇంట్లో బంగారం మీద లోను కలిపి దిగుతున్న కుటుంబాలు ఇవి. ఫ్రాంచైజీ ఫీజు, ఇంటీరియర్, మెషీన్లు, షాపు అడ్వాన్స్ అన్నీ కాగితం మీద ఉంటాయి. శిక్షణ దగ్గరికి వచ్చేసరికి 'ట్రైనింగ్ మేమే ఇస్తాం' అన్న ఒక్క ముక్కతో సరి. ఎన్ని రోజులు, ఎంతమందికి, ఎక్కడ, ఎవరి ఖర్చుతో అన్నది నేను చూసిన అగ్రిమెంట్లలో దాదాపు ఎక్కడా లేదు.

ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. శిక్షణ హైదరాబాద్‌లో, షాపు శ్రీకాకుళంలో అనుకోండి. యజమాని, టీ మాస్టర్, కౌంటర్‌లో కూర్చునే కుర్రాడు, హెల్పర్... నలుగురికీ రానుపోను చార్జీలు, లాడ్జి, భోజనాలు. నేర్చుకుంటున్నన్నాళ్లూ ముగ్గురికి జీతాలు. ఇక్కడ షట్టర్ దించి ఉన్నా అద్దె పడుతూనే ఉంటుంది. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ సంగతి చాలామందికి చివర్లో గానీ తెలియదు. 5 లక్షల ఫీజు అంటే మరో 90 వేలు. 5 శాతం జీఎస్టీ కింద నడిచే హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కనుక ఆ 90 వేలు మళ్లీ చేతికి రావు.

ఇంత పెట్టి నేర్చుకునేది ఎవరు? మాస్టర్. ఇరానీ చాయ్‌నే తీసుకోండి. డికాషన్ వేరే గిన్నెలో మూత పెట్టి సన్న సెగ మీద మగ్గాలి, పాలు విడిగా చిక్కబడాలి, రెండూ కప్పులోనే కలవాలి. డికాషన్ ఎప్పుడు చేదెక్కుతుందో, పాలు పలచగా వచ్చిన రోజు ఏం చేయాలో పొయ్యి దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. అది తెలిసిన మాస్టర్‌ను మూడో నెలలో పక్క షాపువాడు రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకెళితే, యజమానికి బోర్డు మిగులుతుంది, చేతిలో పనితనం ఉండదు. కొత్త మాస్టర్‌కు మళ్లీ శిక్షణ ఇస్తారా, దానికీ డబ్బు కట్టాలా? గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. అందుకే గల్లా పెట్టె ముట్టుకోకముందే యజమాని స్వయంగా పొయ్యి దగ్గర పని నేర్చుకు తీరాలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఖర్చుల్లో ఆహార భద్రత చట్టం కూడా తన వంతు అడుగుతోంది. లైసెన్సున్న హోటల్లో ప్రతి 25 మంది పనివాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ 'ఫోస్టాక్' శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరుండాలి. పనివాళ్లకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా ఉండాలి. వీటి పూచీ యజమానిదే. బ్రాండు వాళ్లు చూసుకుంటారనుకుంటే పొరపాటు.

బ్రాండుకూ షాపు యజమానికీ మధ్య లావాదేవీకి మాత్రం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ 1961లోనే ఇల్లినాయ్‌లో ఒక రెస్టారెంట్ బేస్‌మెంట్‌లో శిక్షణ కోసం 'హాంబర్గర్ యూనివర్సిటీ' పెట్టింది. అక్కడి ప్రభుత్వమూ ఊరుకోలేదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, సంతకానికో డబ్బు కట్టడానికో కనీసం 14 రోజుల ముందు పూర్తి వివరాల పత్రం కొనేవాడి చేతికి రావాలి. శిక్షణకు అందులో ఏకంగా ఒక పట్టికే ఉంటుంది. ఏ అంశం, క్లాసులో ఎన్ని గంటలు, షాపులో పని చేస్తూ ఎన్ని గంటలు, ఎక్కడ అన్నీ రాయాలి. ప్రయాణం, బస ఖర్చు ఎవరిదో కూడా తేల్చి చెప్పాలి. గడిచిన ఏడాది ఆ బ్రాండు వదిలేసినవాళ్ల పేర్లు కూడా ఆ పత్రంలో ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫ్రాంచైజీ కొన్నా ఈ రక్షణ దొరుకుతుంది. ఆ డబ్బే ఇక్కడ పెడితే దొరకదు. కేంద్రం ఇలాంటి చట్టం తేవాలి, ఆలస్యం చేసిన కొద్దీ మధ్యతరగతి పొదుపు కరిగిపోతుంది.

చట్టం వచ్చేదాకా బ్రాండు వదిలేసినవాళ్ల జాబితా ఇక్కడ ఎవరూ ఇవ్వరు కాబట్టి, ఆ బ్రాండు బోర్డు పీకేసిన షాపు ఎక్కడుందో మీరే వాకబు చేయండి. ఆ యజమానిని రెండే అడగండి: శిక్షణ ఎన్నాళ్లిచ్చారు, మాస్టర్ వెళ్లిపోయాక ఫోన్ చేస్తే ఎవరైనా వచ్చారా?