ఫార్మాట్ చేసే ముందు

కంప్యూటరుకు వైరస్ పట్టిందనగానే "ఫార్మాట్ చేసేద్దామండీ" అంటారు రిపేరు కుర్రాళ్ళు. చేస్తే వైరసుతోపాటు పిల్లల ఫోటోలూ పోతాయి. అందుకే నేను ముందు లైనక్స్ పెన్‌డ్రైవ్ బయటకు తీస్తాను.

ఈమధ్య బరంపురంలో మా పిన్నిగారింట అదే చేశాను. కీర్తిశేషులైన బాబాయిగారు పాడిన పద్యాలు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. మరో కాపీ లేదు. వేరే మంచి కంప్యూటరులో ఉబుంటును పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చాను. ఇంటర్నెట్ వైరు పీకేసి, బూట్ మెనూలో పెన్‌డ్రైవును ఎంచుకున్నాను. అక్కడ "ట్రై ఉబుంటు" నొక్కాలి సుమండీ! "ఇన్‌స్టాల్" నొక్కితే ఉన్నదీ ఊడ్చుకుపోవచ్చు.

విండోస్ కోసం రాసిన వైరస్, విండోస్ లేవకపోతే తానూ లేవదు. డిస్కులో ఉత్త ఫైలులా పడి ఉంటుంది. డిస్కును రీడ్ ఓన్లీగా తెరిచి, పద్యాలు, ఫోటోలు, పత్రాలు ఖాళీ హార్డ్‌డిస్కులోకి తీశాను. ఈఎక్స్‌ఈ ఫైళ్ళ జోలికి పోలేదు. వర్డ్ ఫైళ్ళలో మాక్రో వైరస్ దాగవచ్చు గనుక, వాటిని యాంటీవైరస్‌తో పరీక్షించాకే తెరవాలి.

బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ కావాలి. 2017లో వచ్చిన వాన్నాక్రై వంటిది ఫైళ్ళకే తాళం వేస్తే, లైనక్స్ కాపీ తీయగలదేగాని ఆ తాళం తీయలేదు. పిన్నిగారి అదృష్టం, ఇది ఆ రకం కాదు. పద్యాలన్నీ రెండుచోట్ల దాచి, ఒక్కొక్కటే విని చూసుకున్నాకనే ఫార్మాట్ చేశాం.