బోర్డు మీద పేరు లేని ఊళ్లు

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగు పిల్లలకి ఒక డ్యూటీ ఉంటుంది. అమ్మానాన్నలు వస్తే లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్ తిప్పి చూపించాలి. పోయినేడు నా వంతు వచ్చింది. లాస్ ఏంజెలెస్ దగ్గర నుంచి కారులో బయల్దేరాం. పోయేటప్పుడు ఐ-40 మీదుగా గ్రాండ్ కాన్యన్, వచ్చేటప్పుడు వేగాస్ చూసుకుని ఐ-15 మీదుగా ఇంటికి. రెండూ మొహావీ ఎడారిలోంచి పోయే హైవేలే.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. అనంతపురం మనిషి. ఎడారిని చూసి ఆయనేం ఆశ్చర్యపోలేదు. ఆయన చూపంతా బోర్డుల మీదే. బార్‌స్టో దాటి ఐ-40 ఎక్కగానే పచ్చ బోర్డు ఒకటి కనపడింది. విల్మింగ్టన్, నార్త్ కరోలినా, 2,554 మైళ్లు.

"ఇదేందిరా, మనం పోయేది గ్రాండ్ కాన్యన్‌కి కదా. ఈ విల్మింగ్టన్ యాడుంది?"

"ఈ రోడ్డు అయిపోయే చోటు నాన్నా. దేశం అవతలి ఒడ్డు. మన లెక్కలో 4,100 కిలోమీటర్లు."

ఇలాంటిదే విల్మింగ్టన్‌లో కూడా ఉండేది, బార్‌స్టోకి 2,554 మైళ్లు అని. దాన్ని జనం పదేపదే ఎత్తుకుపోతుంటే విసుగొచ్చి, అక్కడి రవాణా శాఖ మళ్లీ పెట్టడం మానేసింది. ఇది చెబితే నాన్న తెగ నవ్వాడు. తర్వాత ఒక ప్రశ్న వేశాడు. "పొద్దున్నుంచి చూస్తాండా, బార్‌స్టో బార్‌స్టో అని ఒకటే బోర్డులు. తీరా చూస్తే చిన్న ఊరు. వేగాస్‌కి పోయేటోళ్లే కదా అందరూ. దీని పేరెందుకు రాసినారు?"

మంచి ప్రశ్నే. హైవే బోర్డు మీద ఏ ఊరి పేరు రాయాలనేది ఎవరిష్టం వాళ్లది కాదు. అమెరికాలో రాష్ట్రాల హైవే అధికారుల సంఘం ఒక జాబితా పెట్టుకుంది. అందులో ఉన్న ఊళ్లని కంట్రోల్ సిటీలంటారు. ఒక పేరు మొదలుపెడితే ఆ ఊరు వచ్చేదాకా అదే పేరు కొనసాగించాలి, మధ్యలో మారిస్తే డ్రైవర్ తికమక పడతాడు. పెద్ద ఊరని మాత్రమే ఎంచుకోరు, రోడ్లు చీలే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. బార్‌స్టో జనాభా దాదాపు 25 వేలే. కానీ ఐ-40 పుట్టేది అక్కడే, ఐ-15 పోయేదీ ఆ ఊరి మీదుగానే. అందుకే ఆ గౌరవం.

కోడ్ రాసేవాడిగా నాకిది బాగా నచ్చింది. చిన్న స్క్రీన్ మీద ఏ బటన్ ఉంచాలి, ఏది మెనూలో దాచేయాలి అని మేం ఆఫీసులో గంటలు గంటలు కొట్టుకుంటాం. బోర్డుదీ అదే గొడవ. గంటకి 70 మైళ్ల స్పీడులో పోయేవాడు చదవగలిగేది రెండు మూడు పేర్లే. మరి మిగతా ఊళ్ల సంగతి?

దానికి జవాబు ఐ-10 మీద ఉంది. పామ్ స్ప్రింగ్స్‌కి దారి చీలే చోట ఒక బోర్డు మీద 'ఇండియో, అదర్ డెజర్ట్ సిటీస్' అని ఉంటుంది. అంటే ఇండియో, ఇంకా ఇతర ఎడారి నగరాలు. ఫారాల్లో చివర్న 'ఇతరులు' అని ఒక గడి ఉంటుందే, అలాగన్నమాట. పామ్ డెజర్ట్, లా కింటా, కోచెల్లా లాంటి ఊళ్లన్నీ ఆ ఒక్క గడిలో సర్దుకోవాలి. కోచెల్లా అంటే మీకు ఇన్‌స్టాలో కనపడే మ్యూజిక్ ఫెస్టివల్ గుర్తొస్తుంది కదా? ఆ ఫెస్టివల్ జరిగేది ఇండియోలో. పేరు మోగేది కోచెల్లాది, బోర్డు మీద పేరు ఇండియోది! ఆ బోర్డు మాటలనే పేరుగా పెట్టుకుని జాన్ రాబిన్ బెయిట్జ్ అనే రచయిత ఒక నాటకం రాశాడు. 2011లో అది బ్రాడ్వే దాకా వెళ్లింది.

నాన్నకి ఇదంతా చెబితే ఒకటే మాటన్నాడు. "మా బస్సు బోర్డు మీద కింద 'వయా' అని రాసుంటుంది చూడు. ఆ వయాలో పేరు లేకపోతే ఆ ఊరోళ్లు చెయ్యి కూడా ఎత్తరు. బస్సు మనది కాదనుకుంటారు."

లడ్లోలో పెట్రోల్ కొట్టించుకుని ముందుకు పోతే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మాకు దక్షిణాన, కొండల అవతల ఆంబోయ్ అనే ఊరుంది. ఒకప్పుడు రూట్ 66 మీద పోయే ప్రతి కారూ అక్కడ ఆగేది. పెట్రోల్ బంకు, మోటెల్, కేఫ్ కళకళలాడేవి. 1973లో కొండల ఇవతల ఐ-40 తెరిచారు. దాంతో కార్లు రావడం ఆగిపోయింది, ఊరూ ఖాళీ అయింది. చివరికి 2005లో ఆ ఊరు మొత్తాన్నీ ఒక చికెన్ రెస్టారెంట్ల యజమాని కొనుక్కున్నాడు. అక్కడి రాయ్స్ మోటెల్ నియాన్ బోర్డు మళ్లీ వెలిగింది 2019లో.

ఈ రోడ్డు వెనక ఇంకో కథ కూడా ఉంది, వింటే నమ్మరు. ఇక్కడ కొండల్ని తవ్వి దారి వేయడానికి 1963లో అణుబాంబులు పెడదామనుకున్నారు! జోక్ కాదు. ప్రాజెక్ట్ క్యారీఆల్ అని దానికి పేరు. 22 బాంబులు వరసగా పాతిపెట్టి పేల్చి, హైవేకీ రైలు మార్గానికీ కలిపి సుమారు రెండు మైళ్ల కోత కొట్టాలని లెక్కలు కట్టారు. అన్నీ కలిపితే హిరోషిమా మీద వేసినదానికి వంద రెట్లకు పైనే. అదృష్టం బాగుండి ఆ ప్లాన్ కాగితం మీదే ఆగిపోయింది. మామూలు పద్ధతిలోనే రోడ్డు వేశారు. బాంబు పేలకుండానే ఆంబోయ్ ఖాళీ అయిపోయింది, బైపాస్ ఒక్కటే సరిపోయింది.

తిరుగు ప్రయాణం ఆదివారం పడింది. వేగాస్ నుంచి లాస్ ఏంజెలెస్ వైపు ఆదివారం ఐ-15 ఎలా ఉంటుందో పోయినవాళ్లకి తెలుసు. సంక్రాంతి అయిపోయాక హైదరాబాద్ రోడ్డు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 2022లో రాష్ట్ర సరిహద్దు దగ్గర ఐదు మైళ్ల మేర రోడ్డు అంచుని బలపరిచి, రద్దీ వేళల్లో అదనపు లేన్‌గా వదులుతున్నారు. ఖర్చు 1.2 కోట్ల డాలర్లు. ఆ ఐదు మైళ్లూ హాయిగా పోయాం. అది అయిపోగానే మళ్లీ రెండు లేన్లే. సర్వర్ పెద్దది పెట్టి డేటాబేస్ అలాగే వదిలేస్తే ఏమవుతుందో అదే అయింది.

పెద్ద పరిష్కారం ఇంకోటి ఉంది, హైవే మధ్య జాగాలో హైస్పీడ్ రైలు. బ్రైట్‌లైన్ వెస్ట్ అనే ఆ 218 మైళ్ల లైనుకి 2024 ఏప్రిల్‌లో పనులు మొదలుపెట్టారు. వేగాస్ నుంచి రాంచో కుకమోంగా దాకా. మధ్యలో విక్టర్ వ్యాలీ, హెస్పీరియా స్టేషన్లు ఉన్నాయి. మరి అన్ని బోర్డుల మీదా పేరున్న బార్‌స్టోకి? స్టేషన్ లేదు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాన్‌స్టాప్ బస్సు వేసినప్పుడు టైం కలిసొస్తుందని నేనూ సంతోషపడినా. మేం రోజూ ఆగే టిఫిన్ హోటలాయన ఆరు నెలలకి మూసేసినాడు."

నేను రోడ్లు వెడల్పు చేయొద్దని అనడం లేదు. ఆ జామ్‌లో నాలుగు గంటలు కూర్చున్నవాడిని, రైలు వస్తే మొదటి టికెట్ నాదే. కానీ మనకి గంట మిగిల్చే ప్రతి ప్లానూ ఎక్కడో ఒక ఊరి సంపాదనలోంచి కొంత తీసుకుంటుంది. ఆ ఊరి పేరు బోర్డు మీద లేకపోతే, తీసుకున్న సంగతి కూడా మనకి తెలీదు.

ఇంకో మాట. 2023 నవంబరులో ఇదే రోడ్డు మీద దుమ్ము తుఫాను వస్తే, ఒక మ్యాప్ యాప్ చాలా కార్లని ఎడారి మట్టి బాటల్లోకి పంపేసింది. అక్కడ కార్లు ఇరుక్కుపోయాయి, తర్వాత కంపెనీ సారీ చెప్పింది. అదే దారిలో వంద మైళ్లు సిగ్నల్ లేకపోయినా బోర్డు మాత్రం నిలబడే ఉంటుంది. ఎడారిలోకి పోతే పెట్రోల్ ఫుల్ చేయించండి, నీళ్లు పెట్టుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అన్నిటికన్నా ముందు తలెత్తి బోర్డు చదవండి.

బార్‌స్టో వచ్చేసరికి చీకటి పడింది. నేను ఆగకుండా పోదామనుకున్నా. నాన్న ఒప్పుకోలేదు.

"ఇంత దూరం ఈ ఊరి పేరు చదువుకుంటా వచ్చినాం. ఒక టీ అన్నా తాగకుండా పోతే ఎట్లరా?"

ఇండికేటర్ వేశాను.