అతిథి గృహాలలో కార్బన్ మోనాక్సైడ్ ముప్పు – హెచ్చరిక పరికరాల ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

సెలవులలో కుటుంబ సమేతంగా విహార ప్రాంతాలకు వెళ్లి, హోటల్ గదులకు బదులుగా ఒకటి రెండు రాత్రులకు ఇల్లు అద్దెకు తీసుకునే అలవాటు ఇటీవలి సంవత్సరాలలో గణనీయంగా పెరిగింది. పరిశుభ్రత, భోజనం, వాహనాలు నిలిపే స్థలం గురించి అతిథులు ముందుగానే విచారిస్తున్నారు. అయితే ప్రాణ రక్షణకు సంబంధించిన ఒక చిన్న పరికరం గురించి అడిగేవారు గాని, దానిని అమర్చేవారు గాని అరుదు. అదే కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం.

మూడు దుర్ఘటనలు – ఒకే వాయువు

2020 జనవరిలో నేపాల్ యాత్రకు వెళ్లిన 15 మంది కేరళవాసుల బృందం పోఖరా నుండి తిరిగి వస్తూ మక్వాన్‌పూర్ జిల్లాలోని దామన్ వద్ద ఒక రిసార్టులో బస చేసింది. చలి తీవ్రంగా ఉండటంతో గ్యాస్ హీటరు వెలిగించి, తలుపులు, కిటికీలు మూసుకుని ఒకే గదిలో నిద్రించిన ఎనిమిది మంది మరునాటి ఉదయం అపస్మారక స్థితిలో కనిపించారు. హెలికాప్టరులో కాఠ్మాండూ ఆసుపత్రికి తరలించినా వారి ప్రాణాలు దక్కలేదు. మృతులలో నలుగురు చిన్నారులు.

2022 అక్టోబరు 30న మెక్సికో నగరంలో, ఆన్‌లైన్ వేదిక ద్వారా అద్దెకు తీసుకున్న ఫ్లాటులో ముగ్గురు అమెరికన్ యాత్రికులు ఇదే వాయువు వలన మరణించారు. 2024 డిసెంబరులో జార్జియా దేశంలోని గుడౌరి మంచు క్రీడల కేంద్రంలో ఒక భారతీయ రెస్టారెంటు పై అంతస్తు పడక గదులలో 12 మంది విగతజీవులై కనిపించారు. వారిలో 11 మంది మన దేశస్థులు. విద్యుత్ సరఫరా నిలిచిన తరువాత పడక గదుల సమీపంలో, మూసి ఉన్న చోట జనరేటరును నడిపినట్లు అక్కడి పోలీసులు ప్రాథమికంగా వెల్లడించారు.

దేశాలు వేరు, పరిస్థితులు వేరు. ఇంధనం మండే చోట గాలి చాలకపోవడం, పడుకున్నవారికి ఆ సంగతి తెలియకపోవడం మాత్రం ఇటువంటి ప్రమాదాలన్నింటిలోను కనిపించే అంశాలు.

పసిగట్టలేని విషం

వంట గ్యాసు, బొగ్గు, కట్టెలు, డీజిల్, కిరోసిన్ వంటి ఇంధనాలు తగినంత ప్రాణవాయువు లేకుండా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు, వాసన, రుచి లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుతో కంటే ఈ వాయువుతో 200 రెట్లకు పైగా బలంగా కలిసిపోతుంది. ఫలితంగా శరీర భాగాలకు ప్రాణవాయువు అందదు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, నీరసం దీని తొలి లక్షణాలు. విహార యాత్రలో ఉన్నవారు వీటిని ప్రయాణపు బడలికగానో, తిన్న ఆహారం పడకపోవడంగానో భావించి తలుపు వేసుకుని పడుకోవడం సహజం. కోవిడ్ కాలం నుండి అనేక ఇండ్లలో ఉంటున్న పల్స్ ఆక్సీమీటరు కూడా ఇక్కడ ఉపకరించదు. కార్బన్ మోనాక్సైడ్ చేరిన రక్తాన్ని ప్రాణవాయువు గల రక్తంగా భ్రమించి, అది సాధారణ అంకెనే చూపవచ్చు. పొగను గుర్తించే పరికరం, వంట గ్యాసు లీకును తెలిపే పరికరం ఈ వాయువును గుర్తించలేవు.

కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించేందుకు ప్రత్యేకంగా రూపొందించిన పరికరమే హెచ్చరించగలదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లలో 50 పాళ్లు ఉంటే 60 నుండి 90 నిమిషాలలోగా, 100 పాళ్లు ఉంటే 10 నుండి 40 నిమిషాలలోగా, 300 పాళ్లు ఉంటే 3 నిమిషాలలోగా పరికరం మోగాలి. నిద్రిస్తున్నవారు స్పృహ కోల్పోక మునుపే మేల్కొని బయటపడేందుకు ఈ వ్యవధి తోడ్పడుతుంది.

నిబంధనలలో ఖాళీ

ఇంటి యజమాని తన గీజరు ఎలా పనిచేస్తుందో, ఏ కిటికీ తెరిచి ఉంచాలో ఎరిగి ఉంటాడు. ఒక రాత్రికి వచ్చిన అతిథికి ఆ ఇల్లు కొత్త. మరోవైపు, ఎత్తైన భవనాలు, జనసమ్మర్దం గల భవనాలపై దృష్టి నిలిపే తనిఖీల పరిధిలోకి రెండు మూడు గదుల ఇల్లు సాధారణంగా రాదు. ఆ విధంగా స్వంత ఇంటి ఎరుక గాని, హోటల్ తనిఖీ గాని లేని స్థితిలో అతిథి నిద్రిస్తున్నాడు.

ఈ ఖాళీ ఇతర దేశాలలోను ఉన్నది. ఇంగ్లండులో 2015 నాటి నిబంధనలను సవరించి, 2022 అక్టోబరు 1 నుండి అద్దె ఇండ్లలో గ్యాసు పొయ్యి మినహా ఇంధనంతో పనిచేసే స్థిర ఉపకరణం ఉన్న ప్రతి నివాస గదిలో ఈ పరికరాన్ని తప్పనిసరి చేశారు. అయితే ఆ నిబంధనలు అద్దెదారు ఏకైక లేక ప్రధాన నివాసంగా ఉండే ఇంటికే వర్తిస్తాయి. సెలవులకు తీసుకునే ఇల్లు ఆ నిర్వచనంలోకి రాదు. స్కాట్లండు 2022లో స్వల్పకాలిక అద్దె ఇండ్లకు ప్రత్యేక లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టి, ప్రమాదకర స్థాయి కార్బన్ మోనాక్సైడ్‌ను గుర్తించి హెచ్చరించే ఏర్పాటును లైసెన్సు షరతులలో చేర్చింది. ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2014లోనే ఆతిథేయులకు ఉచితంగా పరికరాల పంపిణీని ప్రారంభించింది. అయితే ఉచితంగా ఇవ్వడం వేరు, అవి లేనిదే గది ఇవ్వరాదని నిర్దేశించడం వేరు.

మన ప్రాంతానికి వర్తింపు

శీతాకాలంలో అరకు, లంబసింగి ప్రాంతాలకు యాత్రికులు వేల సంఖ్యలో తరలివస్తారు. తెలుగువారు ఊటీ, మనాలి, కశ్మీరుకు వెళ్లడం కూడా సర్వసాధారణమైనది. చలి ప్రాంతాలలో స్నానాల గదిలో గ్యాస్ గీజరు, ఆరుబయట నెగడు ఆరిన తరువాత గదిలోకి తెచ్చుకునే బొగ్గుల కుంపటి ప్రమాదానికి మూలాలు. మూసి ఉన్న స్నానాల గదిలో గ్యాస్ గీజరు వలన స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం వంటి సందర్భాలను మన దేశ నాడీ వైద్యులు 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' పేరుతో వైద్య పత్రికలలో నమోదు చేశారు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఆరు గదుల వరకు గల ఇండ్లను గోల్డ్, సిల్వర్ శ్రేణులుగా వర్గీకరిస్తున్నది. ఇటువంటి నమోదు సమయంలోనే కొన్ని అంశాలను పరిశీలించడం సులభం. గ్యాస్ గీజరు స్నానాల గది వెలుపల, గాలి ఆడే చోట ఉన్నదా? జనరేటరు గదులకు దూరంగా ఉన్నదా? పడక గదిలో పనిచేసే హెచ్చరిక పరికరం ఉన్నదా? దాని గడువు తేదీ మించలేదు కదా? బొగ్గుల కుంపటి లోపలికి తేరాదని అతిథికి తెలుగులోను, ఇతర భాషలలోను తెలియజేశారా?

చిన్న ఆతిథేయులపై, ముఖ్యంగా గిరిజన కుటుంబాలపై ఇది భారమవుతుందన్న అభ్యంతరం సహేతుకమైనదే. అయితే ఇంధనం మండించే ఇండ్లకే ఈ షరతును పరిమితం చేయవచ్చు. విద్యుత్ లేక సౌర విద్యుత్ గీజర్లు మాత్రమే వాడుతూ, జనరేటరు, కుంపటి లేని ఇండ్లకు మినహాయింపు ఇవ్వవచ్చు. మిగిలినవారికి కొద్ది వేల రూపాయల ధర గల ఈ పరికరాన్ని రాయితీపై అందించే అవకాశాన్ని పరిశీలించవచ్చు. పరికరం గాలి ప్రసరణకు ప్రత్యామ్నాయం కాదు, అన్ని జాగ్రత్తలు విఫలమైనప్పుడు మిగిలే చివరి రక్షణ అని గుర్తించాలి.

పత్రికల పాత్ర

ఇటువంటి ప్రమాదాలు తరచుగా 'ఊపిరాడక మృతి' అన్న శీర్షికతో ప్రచురితమవుతున్నాయి. ఆ మాటలో కారణం కనిపించదు. విధి వక్రించిందన్న భావమే పాఠకునికి మిగులుతుంది. వైద్య పరీక్షలో నిర్ధారణ అయినప్పుడు వాయువు పేరును, అది వెలువడిన ఉపకరణాన్ని, హెచ్చరిక పరికరం ఉన్నదీ లేనిదీ వార్తలో పేర్కొంటే, ఆ వార్త చదివిన మరొక కుటుంబం గది తీసుకునే ముందు ఆ ప్రశ్న అడుగుతుంది. శవపరీక్ష నివేదికలలో, పోలీసు నమోదులలో ఈ వివరాలు స్పష్టంగా ఉంటేనే ఏ ప్రాంతంలో, ఏ ఉపకరణం వలన ముప్పు అధికంగా ఉన్నదో అధికారులకు తెలుస్తుంది.

అతిథి తన కుటుంబ భద్రతను ఒక రాత్రికి ఆతిథేయుని చేతిలో పెడుతున్నాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత ఇంటి యజమానితో పాటు నమోదు పత్రంపై సంతకం చేసే అధికారిపైన కూడా ఉన్నది.